అయిదో బార్ దగ్గర తడబడే చెయ్యి: పియానోలో నిదాన సాధకం ఎలా పనిచేస్తుంది

పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ 1788 జూన్‌లో తన రచనల పట్టికలో, కొత్తగా నేర్చుకునేవారికి అని రాసి పెట్టుకున్న చిన్న పియానో రచన, సొనాటా ఒకటుంది. సి మేజర్‌లో ఉంటుంది, కె. 545 అన్న సంఖ్యతో పిలుస్తారు. నెల్లూరులోనో ఒంగోలులోనో కీబోర్డు క్లాసుకి వెళ్లి, సినిమా పాటలు దాటి స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) దాకా వచ్చిన పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. మొదటి నాలుగు బార్లు (బార్ అంటే తాళం ఆవృత్తంలాంటి ఒక గడి, ఇక్కడ నాలుగు బీట్లు) హాయిగా సాగిపోతాయి. అయిదో బార్‌లో కుడిచెయ్యి ఒక్కసారిగా పరుగందుకుంటుంది. చాలామంది తడబడేది అక్కడే.

ఇళ్లలో ఆ తర్వాత జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. పిల్లవాడు తడబడతాడు, ఆ స్వరాన్ని గబుక్కున దిద్దుకుని ముందుకు పోతాడు. వంటింట్లోంచి అమ్మ “ఇంకోసారి మొదట్నించి వాయించు నాన్నా” అంటుంది. వాడు మొదట్నించి ఎత్తుకుంటాడు, మళ్లీ అదే చోట చెయ్యి జారుతుంది. అలా పదిసార్లు వాయిస్తే, బాగా వచ్చిన నాలుగు బార్లకి పదిసార్లు మంచి సాధకం జరిగినట్టు. రాని బార్‌కి కూడా పదిసార్లు సాధకం జరిగింది, కానీ అది తడబడటంలో జరిగిన సాధకం. నెల తర్వాత ఆ తడబాటు పాటలో ఒక భాగమైపోతుంది. స్వరాలు ఎంత గట్టిగా వేళ్లలో కుదురుకున్నాయో, దిద్దుబాటు కూడా అంతే గట్టిగా కుదురుకుంటుంది.

‘నెమ్మదిగా వాయించు’ అని ప్రతి మాస్టారూ చెబుతారు. సలహా మంచిదే. అయితే నెమ్మదిగా వాయిస్తే ఎందుకు బాగుపడుతుంది, ఎలాంటి నెమ్మది బాగుచేస్తుంది, ఎలాంటిది కాలాన్ని తినేస్తుంది అన్నది సాధారణంగా చెప్పరు. అది తెలియని పిల్లలు నాలుగు రోజులు నెమ్మదిగా వాయించి, అయిదో రోజు వేగంగా వాయించబోయి, మళ్లీ అదే చోట తప్పి, ఈ పద్ధతి నాకు పనికిరాదు అనుకుంటారు. కాబట్టి ముందు తప్పు ఎలా పుడుతుందో చూడాలి.

మొజార్ట్ కాలానికి మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని అని బీట్లు కొట్టి చూపే యంత్రం) లేదు. మేల్ట్సెల్ దానికి పేటెంట్ తీసుకున్నది 1815లో, అప్పటికి మొజార్ట్ చనిపోయి 24 ఏళ్లు. అందుకే ఈ సొనాటా మీద ‘అల్లెగ్రో’ (చురుగ్గా, వేగంగా) అన్న మాటే ఉంటుంది, అంకె ఉండదు. నిమిషానికి 132 బీట్లు అనుకుందాం, ఇవాళ చాలామంది ఆ చుట్టుపక్కలే వాయిస్తారు. బీట్‌కి నాలుగు స్వరాలు కాబట్టి సెకనుకి దాదాపు 9 స్వరాలు. ఒక్కో స్వరానికి దక్కేది 0.11 సెకను. మనిషి ఒక శబ్దం విని, దానికి స్పందించి వేలు కదపడానికి సుమారు 0.15 సెకను పడుతుంది. అంటే ఈ వేగంలో తప్పు చెవిన పడేసరికి చెయ్యి తర్వాతి స్వరం దాటిపోయి ఉంటుంది. విని, సరిచూసుకుని, తర్వాతి వేలు ఎంచుకునే వీలు ఇక్కడ లేదు. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ఈ విషయాన్నే ఎత్తిచూపాడు: వాద్యకారుల వేళ్లు సెకనుకి 16 దెబ్బల దాకా వేయగలవు, అంత వేగంలో ఒక కదలిక ఫలితాన్ని తెలుసుకుని తర్వాతి కదలిక మొదలుపెట్టడం సాధ్యం కాదు, కాబట్టి మొత్తం వరస ముందే సిద్ధమై ఉండాలి.

ఇదే కీలకం. వేగంగా వాయించేటప్పుడు చెయ్యి కొత్తగా ఏమీ నిర్ణయించదు. ముందు ఎప్పుడో తీసుకున్న నిర్ణయాలని వరసగా విడుదల చేస్తుంది. ఆ నిర్ణయాలు ఎప్పుడు, ఎక్కడ తీసుకున్నారన్నదే అసలు ప్రశ్న. నెమ్మదిగా వాయించే సమయం వాటిని తీసుకునే సమయం. ఏ నిర్ణయమూ తీసుకోకుండా నెమ్మదిగా వాయిస్తే మిగిలేది ఆలస్యమే.

ఇప్పుడు అయిదో బార్‌ని దగ్గరగా చూద్దాం. సి స్వరాన్ని ‘స’ అనుకుంటే, తెలుగు చెవికి ఈ పరుగు చాలా తేలిక. ద ని స రి గ మ ప ద, ప మ గ రి స ని ద. ఆరో బార్‌లో ఒక మెట్టు కిందనుంచి అదే పరుగు: ప ద ని స రి గ మ ప, మ గ రి స ని ద ప. ఏడోది ‘మ’ నుంచి, ఎనిమిదోది ‘గ’ నుంచి. శంకరాభరణం స్వరాలే, అన్నీ తెల్ల కీలే. పాటల క్లాసుకి నాలుగు నెలలు వెళ్లిన పిల్ల కూడా దీన్ని నోటితో తప్పు లేకుండా పాడేస్తుంది. కష్టం స్వరాల్లో లేదు, వేళ్లలో ఉంది.

బొటనవేలు 1, చిటికెనవేలు 5. ఈ పరుగుకి వాడుకలో ఉన్న ఒక వేళ్ల వరస ఇలా ఉంటుంది. ఎక్కేటప్పుడు ద 1, ని 2, స 3, అక్కడ బొటనవేలు అరచేతి కిందుగా జరిగి రి మీదకి రావాలి, ఆ తర్వాత గ 2, మ 3, ప 4, పై ద 5. దిగేటప్పుడు ప 4, మ 3, గ 2, రి 1. ఇప్పుడు బొటనవేలి మీదుగా ఇంకో వేలు దాటాలి. ఏ వేలు? ఎక్కేటప్పుడు ‘స’ మూడో వేలితో వాయించాం కాబట్టి చెయ్యి తనంతట తాను మూడో వేలినే దాటిస్తుంది. స 3, ని 2, ద 1. ‘ద’ దాకా వచ్చేసరికి వేళ్లు అయిపోయాయి. ఇంకా ‘ప’ ఉంది, అక్కడే తర్వాతి బార్ మొదలు, దాని మీదకి మళ్లీ బొటనవేలే రావాలి. బొటనవేలు ఒక కీ నుంచి పక్క కీకి గెంతుతుంది, గెంతిన చోట స్వరం మొద్దుగా పడుతుంది, లేదా రెండు కీలు కలిసి మోగుతాయి. దిగేటప్పుడు ‘స’ మీదకి నాలుగో వేలిని దాటిస్తే ఈ చిక్కే లేదు: స 4, ని 3, ద 2, ప 1. చెయ్యి తర్వాతి బార్‌కి సిద్ధంగా ఉంటుంది.

తప్పు వినపడింది ‘ప’ దగ్గర. తప్పు జరిగింది ‘స’ దగ్గర, మూడు స్వరాల ముందు. పూర్తి వేగంలో ఈ రెంటి మధ్య దూరం సెకనులో మూడో వంతు. ఆ వేగంలో వాయిస్తూ ఎంత జాగ్రత్తగా విన్నా చెవి ‘ప’నే పట్టుకుంటుంది. పిల్లవాడు ‘ప’ని వందసార్లు గట్టిగా నొక్కి సాధకం చేస్తాడు, రోగం ఇంకోచోట ఉంటుంది. నిమిషానికి 40 బీట్ల దగ్గర వాయిస్తే అదే దూరం సెకనుకి కొంచెం పైగా సాగుతుంది. అప్పుడు కన్ను, చెవి, వేలు మూడూ కలిసి ‘స’ దగ్గర ఏ వేలు దిగిందో గమనించగలవు. నిదాన సాధకం ఇచ్చే మొదటి లాభం ఇదే. తప్పు పుట్టే చోటుని అది బయటపెడుతుంది. వేళ్ల అంకె ఆ ‘స’ మీద పెన్సిల్‌తో రాసి, చుట్టూ సున్నా చుట్టడం ఆ రోజుకి చేయగలిగిన అతి విలువైన పని. పదిసార్లు వాయించడం కన్నా అది ఎక్కువ.

కష్టమైన భాగాలన్నిటిలో ఇదే పద్ధతిలో వెతకాలి: ఎక్కడ వినపడింది అని కాకుండా, దానికి ముందు చెయ్యి ఎక్కడ తప్పుడు చోటికి వెళ్లింది అని. చాలాసార్లు జవాబు రెండు మూడు స్వరాల ముందు దొరుకుతుంది, కొన్నిసార్లు బార్ ముందు కూడా. ఎడమచెయ్యి పెద్ద కార్డు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుత్తి) కోసం గెంతబోతూ కుడిచేతి స్వరాన్ని సగంలో వదిలేయడం కూడా ఇలాంటిదే.

ఇంక నెమ్మది అన్నదాన్ని చాలామంది ఎలా పాడుచేసుకుంటారో చూడాలి. పైన చెప్పిన పరుగులో ‘స’ వాయించాక బొటనవేలు ‘రి’ మీదకి రావాలి. 40 బీట్ల దగ్గర ఒక్కో స్వరానికి 0.375 సెకను ఉంది. పిల్లవాడు ‘స’ నొక్కి, దాన్ని తీరుబడిగా మోగనిచ్చి, చివర్లో మణికట్టు తిప్పి, మోచెయ్యి బయటికి లేపి, బొటనవేలిని ‘రి’ మీద పడేస్తాడు. స్వరం సరిగ్గానే మోగుతుంది, మెట్రోనోమ్‌తో కలుస్తుంది, తప్పు లేదు. కానీ ఇదే కదలిక 132 దగ్గర కుదరదు, అంత పెద్ద ఊపుకి 0.11 సెకనులో చోటు లేదు. వాడు నెమ్మదిగా నేర్చుకున్నది నెమ్మదిగా మాత్రమే పనికొచ్చే కదలిక. ఇలాంటి సాధకం నెలరోజులు చేసినా వేగం రాదు, పైగా ఆ ఊపు అలవాటై పోగొట్టుకోవడం కష్టమవుతుంది.

సరైన నెమ్మదిలో వేలు పని ముందే చేసేస్తుంది, తర్వాత వేచి ఉంటుంది. ‘ని’ మోగగానే బొటనవేలు అరచేతి కిందకి జరగడం మొదలుపెట్టాలి. ‘స’ మోగుతున్నంతసేపూ అది ‘రి’ కీ మీద తాకీ తాకకుండా కూర్చుని ఉండాలి. బీట్ వచ్చినప్పుడు నొక్కడం ఒక్కటే మిగలాలి. మణికట్టు దాదాపు కదలదు, మోచెయ్యి లేవదు. అంటే కదలికల పరిమాణం పూర్తి వేగంలో ఎంత ఉండాలో ఇప్పుడే అంత ఉండాలి, పెరిగింది వాటి మధ్య విరామం మాత్రమే. వెంటనే వెళ్లు, అక్కడ ఆగు, అప్పుడు నొక్కు. పెద్ద వాద్యకారుల సాధకం పక్కనుంచి చూసినవాళ్లకి చెయ్యి కదలనట్టే కనిపించడానికి కారణం ఈ ముందస్తు ప్రయాణమే.

నొక్కడం గురించి ఇంకో మాట. పియానోలో కీ సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. దిగుతూ ఒక సుత్తిని తీగ వైపు విసురుతుంది. తీగని తాకడానికి కొంచెం ముందే సుత్తి కీ అదుపులోంచి విడిపోతుంది. అక్కడినుంచి దాన్ని ఆపేది గానీ తోసేది గానీ లేదు. స్వరం ఎంత గట్టిగా మోగాలన్నది కీ ఎంత వేగంగా దిగిందన్నదాని మీద ఆధారపడుతుంది. కీని మరీ మెల్లగా దించితే సుత్తి తీగ దాకా చేరదు, శబ్దమే రాదు. కాబట్టి నిదాన సాధకంలో నిదానించాల్సింది స్వరాల మధ్య ఖాళీని. వేలి దెబ్బ మాత్రం పూర్తి వేగంలో ఎలా పడాలో అలాగే చురుగ్గా, ఒకే బలంతో పడాలి. మెత్తగా, బద్ధకంగా కీలని ఒత్తుకుంటూ పోతే చెయ్యి వేరే విద్య నేర్చుకుంటుంది.

ఈ విషయం మన దగ్గర మరీ ఎక్కువగా చెప్పుకోవాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలు నేర్చుకునేది చాలావరకు 61 కీల కీబోర్డు మీద. పియానోకి 88 కీలు, ఒక్కో కీ దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు కావాలి. 61 కీల కీబోర్డుకి ఆ బరువు ఉండదు, స్ప్రింగు మీద తేలిగ్గా దిగిపోతుంది. టచ్ రెస్పాన్స్ లేని మోడల్ అయితే ఎలా నొక్కినా ఒకే శబ్దం. అలాంటి దాని మీద ఉంగరపువేలు బలహీనంగా పడుతోందని, బొటనవేలు దరువేస్తోందని తెలిసే దారే లేదు. ఉంగరపువేలు సహజంగానే పక్కవేళ్లకి కట్టుబడి ఉంటుంది, అరచేతి వెనకవైపు వాటి స్నాయువులు (కండరాలని ఎముకలకి కలిపే తాళ్లు) ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అది ఇబ్బంది పడటం ఎవరి లోపమూ కాదు. కానీ ఆ ఇబ్బంది చెవికి వినపడాలి. కీబోర్డు కొనేటప్పుడు స్టైల్స్ ఎన్ని, టోన్స్ ఎన్ని అని అడిగే ముందు టచ్ రెస్పాన్స్ ఉందా అని అడగడం క్లాసికల్ నేర్చుకునే ఇంటికి ఎక్కువ లాభం. ఉన్నవాళ్లలో కూడా చాలామంది దాన్ని ఆఫ్ చేసి పెడతారు, శబ్దం ‘సమానంగా’ వస్తుందని. సాధకం వేళ అది ఆన్‌లోనే ఉండాలి.

మన కీబోర్డు వాద్యకారులకి ఇంకో అలవాటు కూడా ఉంది. చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో చెవితో పట్టి వాయించి పైకొచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరుకి వచ్చింది 1840లో, అప్పటినుంచి ఈ జిల్లాల్లో చర్చి సంగీతం వేళ్లూనుకుంది, ఆదివారం ఆరాధనలో కీబోర్డు లేని చర్చి ఇప్పుడు అరుదు. ఆ వాద్యకారుల చెవి గొప్పది. పాస్టరుగారు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా క్షణంలో అందుకుంటారు. కానీ శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అన్నీ సి మేజర్ వేళ్లతోనే వాయించడం వల్ల నల్ల కీల మధ్య చెయ్యి తిరగదు. ఎడమచెయ్యి కార్డు పట్టుకుని ఉండటానికే అలవాటుపడి, సొంతంగా నడవడం నేర్చుకోదు. కుడిచెయ్యి మాత్రం మహా చురుకు. ఇలాంటివారు క్లాసికల్ మొదలుపెడితే నిదాన సాధకంలో సగం కన్నా ఎక్కువ సమయం ఎడమచేతికి ఒంటరిగా ఇవ్వాలి. కుడిచేతి వేగాన్ని చూసి, రెండు చేతుల వేగాన్ని నిర్ణయించకూడదు.

నిదానం నుంచి వేగానికి ఎలా వెళ్లాలన్న దగ్గర మన సంప్రదాయం చాలా ముందే ఒక పద్ధతి ఏర్పరచింది. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడిస్తారు. ఆదితాళంలో మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం మారదు, దాని లోపల స్వరాలు రెట్టింపవుతాయి. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా పట్టిన నాదస్వరమైనా, వీణైనా, గాత్రమైనా తొలి పాఠాలు ఇవే. వేగం ఎంత పెరిగినా లోపలి లెక్క చెదరకూడదన్న క్రమశిక్షణ దీనివల్ల వస్తుంది. పియానో పిల్లలు కూడా దీన్ని నేరుగా వాడుకోవచ్చు. మెట్రోనోమ్‌ని 66 దగ్గర పెట్టి ఆ పరుగుని బీట్‌కి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు చొప్పున వాయిస్తే పూర్తి వేగంలో సగానికి చేరినట్టే. మెట్రోనోమ్ అంకెని చూసి భయపడే పిల్లలకి ఇది మరీ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అంకె మారలేదు.

అయితే మూడు కాలాల పద్ధతిలోనే ఇంకో విషయం దాగి ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. వర్ణం రెండో కాలంలో పాడేటప్పుడు మొదటి కాలంలో నిండుగా ఊగించిన గమకాలన్నీ అలాగే రావు. కొన్ని కుదించుకుంటాయి, కొన్ని ఒక్క స్పర్శగా మిగులుతాయి. అంటే వేగం రెట్టించినప్పుడు పని కూడా మారుతుందని మన విద్వాంసులకి తెలుసు. పియానోలో కూడా అంతే. 60 దగ్గర ఒక్కో స్వరం ఒక్కో దెబ్బ. 120 దాటాక ఎనిమిది స్వరాలు ఒకే చేతి ఊపులో పడాలి, దెబ్బలని విడివిడిగా ఆలోచించే వీలుండదు. అందుకే మెట్రోనోమ్‌ని రోజుకి నాలుగంకెలు చొప్పున పెంచుకుంటూ పోయినవాళ్లు ఏదో ఒక అంకె దగ్గర వారాల తరబడి ఇరుక్కుపోతారు. అక్కడ ఇంకాస్త ఓపిక పట్టమనడం సరైన సలహా అనిపించదు. అక్కడ పద్ధతి మార్చాలి.

మార్చడం ఎలాగంటే, పరుగుని ముక్కలు చేసి ఒక్కో ముక్కని పూర్తి వేగంలో వాయించి ఆగడం. ద ని స రి. నాలుగే స్వరాలు, 132 వేగంలో, ‘రి’ మీద ఆగిపోవాలి. ఆగినచోట భుజం, మణికట్టు వదులుగా ఉన్నాయా అని చూసుకోవాలి. తర్వాతి ముక్క రి గ మ ప ద, పై ‘ద’ మీద ఆగాలి. ఆ తర్వాత ద ప మ గ, ఆపైన గ రి స ని, ఇదే అసలు ముడి, ఇక్కడ ఎక్కువసార్లు. ప్రతి ముక్కా తర్వాతి ముక్క మొదటి స్వరం మీదే ఆగాలి, దాని ముందు ఆగితే అతుకు పడదు. ముక్కలు కుదిరాక రెండేసి కలపాలి. ఇది వేగమే, కానీ ఆగే చోట్లలో నిదానం ఉంది. నిర్ణయాలు ఆ ఆగిన క్షణాల్లో జరుగుతాయి. పూర్తిగా నిదానంగా ఒకసారి, ముక్కలుగా వేగంగా ఒకసారి, మళ్లీ నిదానంగా. ఈ రెండూ ఒకదానికొకటి కాపలా.

ఎన్నిసార్లు అన్న ప్రశ్నకి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్ బృందం చేసి 2009లో ప్రచురించిన పరిశీలన మంచి జవాబిస్తుంది. రష్యన్ స్వరకర్త షొస్టకోవిచ్ మొదటి పియానో కచేరీ రచనలోని ఒక చిన్న కష్టమైన భాగాన్ని 17 మంది పియానో విద్యార్థులకిచ్చి, సాధకం చేసుకోమని, మర్నాడు వాయింపించి వరస కట్టారు. ఎవరు ఎంతసేపు వాయించారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ మర్నాటి నాణ్యతకీ పొంతన కనిపించలేదు. వాయించినవాటిలో ఎన్ని పాళ్లు తప్పు లేకుండా వాయించారన్నదానికి పొంతన ఉంది. పైన నిలిచిన ముగ్గురూ తప్పులు చేయనివాళ్లేం కాదు. తప్పు వచ్చిన చోటుని వెంటనే ఖచ్చితంగా పట్టుకున్నారు, అక్కడ వేగం తగ్గించారు, అది నిలకడగా వచ్చేదాకా వదల్లేదు. మిగతావాళ్లు తప్పు దాటుకుని ముందుకు పోయారు. మన ఇళ్లలో ‘గంటసేపు వాయించాడు’ అని లెక్క చూసుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు, పిల్లల మీద ఒత్తిడి చాలా తగ్గుతుంది.

రెండు చేతులూ వేర్వేరు లెక్కల్లో నడిచే చోట నిదానానికి ఇంకో పని, ఇంకో హద్దు ఉన్నాయి. పియానో స్వరకర్త షోపాన్ 1834లో రాసి, ఆయన పోయిన ఆరేళ్లకి 1855లో అచ్చయిన ఫాంటసీ-ఇంప్రాంప్టు అనే రచనలో కుడిచెయ్యి బీట్‌కి నాలుగు, ఎడమచెయ్యి బీట్‌కి మూడు. తకధిమి మీద తకిట. చతురశ్రం, తిశ్రం తెలిసిన పిల్లలకి ఆలోచన కొత్త కాదు, రెంటినీ ఒకే మనిషి ఒకేసారి చేయడమే కొత్త. బీట్‌ని పన్నెండు గళ్లు చేస్తే ఎడమచెయ్యి 1, 5, 9 గళ్లలో పడుతుంది, కుడిచెయ్యి 1, 4, 7, 10లో. వరసగా చదివితే: కలిసి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. బల్ల మీద రెండు చేతులతో తట్టుకుంటూ ఇది నేర్చుకోవచ్చు, పది నిమిషాల్లో వస్తుంది. కానీ పియానో మీద ఈ గళ్లని పట్టుకునే వేగం పెంచితే సంగీతం కుంటుతుంది, ఎందుకంటే చెయ్యి ఇంకా గళ్లు లెక్కపెడుతూనే ఉంటుంది. ఒక దశ దాటాక గళ్లని వదిలేసి, ఒక్కో చేతినీ విడిగా పూర్తి వేగంలో ధారగా నడిపించి, బీట్ మీద మాత్రమే రెండూ కలిసేలా చూసుకోవాలి. నిదానపు లెక్క ఇక్కడ తలుపు తెరుస్తుంది, లోపలికి నడవడం వేరే పని.

నిదాన సాధకం గురించి మాట్లాడితే రష్యన్ పియానిస్టు, స్వరకర్త రఖ్మానినోవ్ ప్రస్తావన రాక తప్పదు. అబ్రామ్ చేసిన్స్ అనే పియానిస్టు ఆయన్ని కలవడానికి వెళ్లి, తలుపు బయట నిలబడి విన్నాడట. లోపల వినపడుతున్నది షోపాన్ ఓపస్ 25లో ఆరో ఎట్యూడ్ (సాధకం కోసం రాసిన రచన), కుడిచేతిలో జంట స్వరాలు దొర్లే మహా కష్టమైన రచన. కానీ అదేమిటో గుర్తుపట్టడానికి చేసిన్స్‌కి కొంతసేపు పట్టింది. గడియారం చూస్తే బార్‌కి 20 సెకన్లు. మామూలుగా రెండు మూడు సెకన్లలో అయిపోయే బార్ అది. దాదాపు గంటసేపు అదే వేగం. ఈ కథ విని పిల్లల చేత బార్‌కి 20 సెకన్లు వాయింపించే మాస్టార్లు ఉన్నారు. అది సరికాదు. రఖ్మానినోవ్ తలలో ఆ రచన మొత్తం పూర్తి వేగంలో మోగుతూ ఉంది, కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత ఖాళీ వచ్చినా వాక్యం తెగలేదు. పిల్లలకి ఆ తీగ తెగిపోతుంది. మనసులో ఆ బార్‌ని పాడుకోగలిగేంత వేగం కన్నా కిందకి వెళ్లకపోవడమే వాళ్లకి మంచిది. అందుకే ముందు పాడించాలి. ద ని స రి గ మ ప ద అని నోటితో పాడగలిగిన వేగంలో వేళ్లని నడిపిస్తే, చెవి ముందు నడుస్తుంది, వేళ్లు వెనక వస్తాయి.

మన జిల్లాల్లో అసలు చిక్కు సమయం. నెల్లూరు ఇంటర్ కాలేజీల ఊరు. పిల్లలు ట్యూషన్ అయి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. కీబోర్డు ముందు కూర్చునేది మహా అయితే అరగంట, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఆ అరగంటలో రచనంతా మొదట్నించి చివరిదాకా రెండుసార్లు వాయించి పడుకుంటే ఏమీ కదలదు. రెండు బార్లు తీసుకుంటే కదులుతుంది. ఆ రెండు బార్లలో కూడా ముడి ఉన్న నాలుగు స్వరాలకి సగం సమయం ఇవ్వాలి. రాత్రి సాధకానికి ఒక సౌకర్యం కూడా ఉంది. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఎడమచేతి నాలుగు వేళ్లతో ఒక చిన్న వరసని తట్టడం నేర్చుకున్నవాళ్లు, మధ్యలో ఇంకే సాధకం లేకుండా, ఒక రాత్రి నిద్ర తర్వాత దాదాపు 20 శాతం వేగంగా తట్టగలిగారు. నిద్రలోకి తప్పుని తీసుకెళ్లకుండా ఉండటానికి, ఆ రోజు చివరిసారి వాయించేది నిదానంగా, తప్పు లేకుండా ఉంటే మంచిది. వేగం ఎంతవరకు వచ్చిందో చూద్దాం అన్న కోరికతో రాత్రి ఆఖరున పూర్తి వేగంలో ఒకసారి ప్రయత్నించి, తప్పి, లేచి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానుకోవడం తేలిక, దాని లాభం ఎక్కువ.

మే నెల సాధకం తెల్లవారుజామునే పెట్టుకోవాలి. రోహిణీ కార్తె ఎండలో మధ్యాహ్నం చెమట పట్టిన వేళ్లు కీల మీద జారతాయి, జారకుండా బిగపట్టిన చెయ్యి ఆ బిగువుని నేర్చుకుంటుంది.

బిగువు గురించి తేలిగ్గా మాట్లాడకూడదు. నిదానంగా వాయిస్తున్నా నొప్పి వస్తుంటే ఆపాలి. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కుర్రవయసులో, 1832 నాటికి, కుడిచెయ్యి దెబ్బతిని పియానిస్టు కావాలన్న కోరిక వదులుకోవాల్సి వచ్చింది. నొప్పిని సాధకంలో భాగంగా భరించమని చెప్పే పద్ధతి ఏదైనా తప్పే.

గ్రేడ్ పరీక్షకి వెళ్లేవారికి మిగిలింది వాద్యం మార్పు. ఇంట్లో తేలిక కీల మీద కుదిరిన వేగం, పరీక్షగదిలో బరువు కీలున్న పియానో మీద మొదటిసారే రాదు. నాలుగో వేలి దగ్గర స్వరం మింగేస్తుంది, బొటనవేలు దాటే చోట ఆలస్యమవుతుంది. పరీక్షకి ముందు రెండు మూడు వారాలు ఎక్కడైనా, క్లాసులోనో, చర్చిలోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో, 88 కీల బరువైన వాద్యం మీద కూర్చునే వీలు చూసుకోవాలి. అక్కడ మొదటిరోజే పూర్తి వేగం ప్రయత్నించకుండా, ముడులున్న బార్లని సగం వేగంలో, చురుకైన దెబ్బతో, ఒక్కో చేతినీ విడిగా వాయించి, ఇంటి దగ్గర పెన్సిల్‌తో రాసుకున్న వేళ్ల అంకెల్లో ఈ బరువుకి ఏవి నిలబడలేదో చూసి, వాటిని అక్కడే మార్చి రాసుకోవాలి.